జ్యోత్స్న అని కొట్టి చూడు

పదకొండేళ్లుగా నా అరచేతిలో ఒక యంత్రం ఉంది.
కొమ్మాది నుంచి గాజువాక దాకా
ఊరంతటినీ స్టేజీలుగా కత్తిరించి
టిక్కెట్లుగా కక్కుతుంది.
ఎన్ఏడీ దగ్గరికొచ్చేసరికి
దాని బ్యాటరీ గుడ్లు తేలేస్తుంది.
అలాంటిదాంతో కాపురం చేస్తున్నదాన్ని,
చదువుకోడానికి ఇంకో యంత్రం కావాలని
డాబాగార్డెన్స్‌లో షాపు మెట్లెక్కాను,
వీక్లీ ఆఫ్ నాడు, భుజాన సంచీ లేకుండా,
చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలీకుండా.

కాగితం మీద నాకు కోపమేం లేదు.
హుద్‌హుద్‌కి రేకులు లేచిపోయిన పూట
అట్టపెట్టెలో నలభై మూడు పుస్తకాలు
నీళ్లు తాగి ఇడ్లీల్లా ఉబ్బాయి.
చీరలారేసే తాడు మీద వేశాను, క్లిప్పులు పెట్టి.
ఆరాయి.
తెరుచుకోలేదు.

షాపు కుర్రాడు పైడిరాజు.
"టేబ్ తీసుకోండమ్మా, పదంగుళాలు,
సినిమాలూ చూసుకోవచ్చు, వాయిదాల్లో కట్టుకోవచ్చు."
నిజమే, పూర్ణా మార్కెట్లో పండగ ముందు రోజులా
వెలిగిపోతోంది.
"ఓసారి ఎండలో చూడొచ్చా?"
"అదేటమ్మా!" అంటూనే వెనకాలే వచ్చాడు,
పట్టుకు పోతాననేమో.

ఎండలో ఆ తెర మీద అక్షరం లేదు.
నేనున్నాను.
నా ముక్కుపుడక, నా వెనక కరెంటు తీగ,
తీగ మీద కాకి.
నన్ను నేను చూసుకోడానికి పద్దెనిమిది వేలెందుకు,
ఇంట్లో అద్దముంది.

రెండోది బూడిదరంగు పలక.
మెరవదు. పాడదు.
పేజీ తిప్పితే ఒక్కసారి నల్లగా రెప్ప వేస్తుంది.
దాన్నీ ఎండలో పెట్టాను.
మిట్టమధ్యాహ్నం పోర్టు గేటు ముందు లారీల్లా
ఎక్కడి అక్షరాలు అక్కడే నిలబడ్డాయి.

"తెలుగొస్తుందా దీనికి?"
"అన్నీ వస్తాయమ్మా."
అన్నీ అంటే నమ్మను.
అన్ని స్టాపుల్లో ఆపుతారా అంటే
నేనూ అలాగే తలూపుతాను.
"జ్యోత్స్న అని కొట్టి చూడు" అన్నాను.

కొట్టాడు.
జ్యో ఒక దగ్గర, త ఒక దగ్గర,
స, న, మధ్యలో చుక్కల సున్నాలు,
ఫుట్‌బోర్డు మీంచి జారిపడ్డ మనుషుల్లా.

ఎవరి పేరు అని అడగలేదు వాడు. నేనూ చెప్పలేదు.
బడి రిజిస్టర్లో జోస్నా,
రేషను కార్డులో జోసన,
డిపోలో డ్యూటీ చార్టు మీద జె.
ఒత్తు కింద ఒత్తు మోసే ఓపిక
మనుషులకే లేదు,
పాపం పలకనేం అంటాం.

"వద్దులే బాబూ" అని లేచాను.
పైడిరాజుకి పంతం వచ్చింది.
"ఉండండమ్మా, కూకోండి" అని సెట్టింగుల్లో దూరాడు.
నాకోసం తెప్పించిన టీ వాడి పక్కనే చల్లారింది.
మూడో ఫాంటు దగ్గర
త కిందకి స, స పక్కకి న,
జరగండి, లోపలికి జరగండి అని
ఎవరో గదమాయించినట్టు
సర్దుకుని కూర్చున్నాయి.
"ఎక్కేసిందమ్మా!"

అంతలోనే గొంతు తగ్గించి
"పాత పుస్తకాల ఫొటోలుంటాయి సూడండి,
అవి మాత్రం దీన్లో చీమలబారే" అన్నాడు.
అమ్ముకునే వాడు ఆ మాట చెప్పక్కర్లేదు.
డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను,
చిల్లరతో సహా.

మర్నాడు గాజువాకలో పన్నెండు నిమిషాల ఖాళీ.
వెనక సీట్లో కూర్చుని
నోట్లు లెక్కపెట్టే అలవాటు కొద్దీ
వేలు నాలుక మీద తడిపాను.
పేజీ తిరగలేదు.
పైట చెంగుతో తెర తుడిచి, వేలు తుడిచి,
మళ్లీ తాకాను.

డ్రైవరు సూరప్పడు అద్దంలోంచి అడిగాడు,
"ఎన్ని పేజీలయింది?"
"పేజీల్లేవు. మూడు శాతం."
"అంటే ఎక్కడున్నట్టు?"

లెక్కేసుకున్నాను.
కొమ్మాదిలో బయల్దేరామనుకుంటే
ఇంకా కార్‌షెడ్ రాలేదు.